గడిలో ‘లేవు’ అని ఉంది

అక్క నర్సు బట్టల్లోనే ఆఫీసుకు వచ్చి తమ్ముడి బల్ల మీద ఫోను పెట్టింది. విసిరికొట్టలేదు. అందుకే తమ్ముడికి భయం వేసింది.

“చదువు.”

అది అతను తయారుచేసిన ఆసుపత్రి యాప్. రోగి పేరు, వయసు, పడని మందులు. పడని మందుల గడిలో ‘లేవు’ అని ఉంది.

“లేవని ఉంది కదక్కా.”

“నమ్మి సూది వేశాను. ముసలాయన గొంతు వాచి ఊపిరాడక కొట్టుకున్నాడు. డాక్టరు పక్కనే ఉన్నాడు కాబట్టి బతికాడు. ఏ మందు పడదో మమ్మల్ని ఎవరూ అడగనేలేదని ఆయన కోడలు ఏడ్చింది. అడగని మాటకి జవాబెవడు చెప్పాడ్రా?”

తమ్ముడు కోడ్ తెరిచాడు. వెతకాల్సిన పని లేదు, ఆ వరస రాసింది తనే. ఆసుపత్రి కంప్యూటరు రోగి వివరాలన్నీ ఒకే ముద్దగా పంపుతుంది. యాప్ వాటిని విడదీసి ఒక్కో ముక్కను దాని గడిలో పెడుతుంది. ముక్క రాకపోతే గడి ముడుచుకుపోయి, కిందివి పైకి ఎగబాకేవి. స్క్రీన్ పళ్లూడిన నోరులా ఉందన్నాడు మేనేజరు. రాని చోట ‘లేవు’ అని పెట్టేస్తే గడి నిలబడింది. అందరూ బాగుందన్నారు.

“అందం కోసం పెట్టావా?”

అతను కోడ్ కేసే చూస్తున్నాడు.

“నిన్నేరా. చిన్నప్పుడు అన్నం తిన్నావా అంటే తినకుండానే మూతి తుడుచుకుని తలూపేవాడివి. ఇప్పుడు రోగుల తరఫున కూడా ఊపుతున్నావా?”

మాటలు విని మేనేజరు వచ్చాడు.

“కూర్చోండి మేడమ్. కాఫీ చెప్తాను.”

“కాఫీ వద్దు. ఆ మాట తీయించండి.”

“వచ్చే వెర్షన్లో చూద్దాం. రేపు పెద్దవాళ్లకి చూపించాలి. ఇప్పుడు కదిపితే స్క్రీనంతా చెదురుతుంది.”

“వార్డు నిండా మనుషులున్నారు. మీ వెర్షన్ వచ్చేదాకా సూదులు ఆపమంటారా?”

“మీరైనా ఒకసారి అడిగి ఉండాల్సింది కదమ్మా.”

అక్క ముఖం నల్లబడింది.

“అడగాల్సింది. ఆ తప్పు నాదేనని పెద్ద డాక్టరు ముందు ఒప్పుకున్నాను. మీది ఎవరి ముందు ఒప్పుకుంటారు నాయనా?”

మేనేజరు నోరు తెరిచేలోపు తమ్ముడు కీబోర్డు దగ్గరకు లాక్కున్నాడు. ‘లేవు’ కొట్టేశాడు. ముక్క రాకపోతే ‘ఎవరూ అడగలేదు, ముందు అడగండి’ అని ఎర్రగా పడేట్టు రాశాడు. మాట పొడుగైంది, గడి సాగింది. ‘మందు ఇచ్చాం’ అనే ఆకుపచ్చ బటను స్క్రీన్ దాటి కిందికి పోయింది.

“చూశావా, బటనే కనపడటం లేదు.”

“కనపడకూడదు సార్. అడిగాకే కనపడాలి.”

“నేను ఒప్పుకోనిదే ఏదీ బయటికెళ్లదు. తెలుసుగా?”

“తెలుసు సార్,” అంటూనే మార్చినదాన్ని ఆసుపత్రి ఫోన్లకి పంపించేశాడు.

మేనేజరు తన గదిలోకి పోయి తలుపు దడాలున వేసుకున్నాడు.

కొత్తది ఫోన్లోకి దిగేదాకా అక్క నిలబడే ఉంది. వార్డులో ఇంకో రోగి పేరు తెరిచింది. ఎర్ర గడి చూసింది. మెచ్చుకోలేదు.

“అక్షరాలు చిన్నవి.”

పెంచాడు.

“ఇంకా.”

పెంచాడు. సగం స్క్రీన్ ఎర్రబడింది.

“రేపు నా ఉద్యోగం ఉండదేమో అక్కా.”

“నాదీ ఉంటుందో లేదో. ఇంకొంచెం పెంచు.”