తమ్ముడి పాట బరువు

అశ్వారావుపేట పామాయిల్ మిల్లు కాటా మీదికి జస్టిన్ ట్రాక్టర్ ఎక్కగానే, తూకం చూసే పగిడయ్య పాట ఆపమని చెయ్యి ఊపాడు. రోజూ ఉండే తంతే ఇది. ఆ పాట మోగుతుంటే గెలల బరువుకు దాని బరువు కూడా కలిసి తూకం తప్పుతుంది. జస్టిన్ ఆపాక అంకెలు దిగివచ్చాయి.

నిరుడు వానల్లో జస్టిన్ తమ్ముడు షాలేమ్‌రాజు వాగు దాటబోయి కొట్టుకుపోయాడు. సమాధి దగ్గర ఊరంతా ఏడ్చినా జస్టిన్ కంట చుక్క రాలేదు. చర్చిలో కీబోర్డు వాయించే మనిషి కదా, ఫోన్లోనే ట్రాప్ అనే ర్యాప్ బాణీలో ఒక పాట కట్టుకున్నాడు. నింపాదిగా నడిచే దెబ్బ, పొట్టలోకి దిగే బేస్, పైన రేకుల మీద చినుకుల్లా టిక్కుటిక్కుమనే చప్పుడు. మధ్యలో తమ్ముడు ఎప్పుడో పంపిన వాయిస్ మెసేజ్. అది మోగినచోట నేల కాస్త కుంగుతుంది. పందిరి కూలుతుందని పెళ్లిళ్లవాళ్లు అతని సౌండ్ బాక్సులు అద్దెకు అడగడం మానేశారు.

భార్య దీవెనకు నెలలు నిండాయి. ఆ పాట వింటే కడుపులో బిడ్డ కదలడం మానేస్తోందని ఆమె బెంగ.

"నీ దుఃఖం నువ్వు మోస్కో. నా బిడ్డ మీద పెట్టకు," అంది ఒకరోజు.

ఫోన్లోంచి తీసేశానన్నాడు జస్టిన్. పచ్చి అబద్ధం. తీసెయ్యడానికి అతనికి చెయ్యి రాలేదు. ఇంట్లో పెట్టడం మానేసి, మిల్లు దారిలో మాత్రం వినేవాడు.

ముసురు పట్టిన ఓ పొద్దున దీవెనకు నొప్పులు మొదలయ్యాయి. వాగు పొంగడంతో అంబులెన్స్ అవతలి ఒడ్డునే ఆగిపోయింది. బిడ్డ అడ్డం తిరిగిందని, ఇక్కడే ఉంటే ఇద్దరూ దక్కరని ఆశా వర్కర్ సక్రి చెప్పింది. జస్టిన్ గత్యంతరం లేక దీవెననూ సక్రినీ ట్రాలీలో ఎక్కించుకుని ట్రాక్టర్‌ను నీళ్లలోకి దించాడు. తమ్ముడు పోయిన వాగే అది. నడిమధ్యకు రాగానే ట్రాలీ తేలి, పక్కకు కొట్టుకుపోసాగింది. జస్టిన్ స్టీరింగ్ ఎటు తిప్పినా బండి మాట వినలేదు.

"ఆ పాట పెట్టు," అంది దీవెన.

అతను వెనక్కి తిరిగి చూశాడు.

"తీసెయ్యలేదని నాకెర్కే. పెట్టు జల్దీ."

పెట్టాడు. బేస్ మోగగానే చక్రాలు దిగబడి అడుగునున్న ఇసుకను పట్టుకున్నాయి. షాలేమ్‌రాజు గొంతు నీళ్ల మీద వినిపించింది. జస్టిన్‌కు ఏడుపు అప్పుడొచ్చింది. వెక్కుతూనే ట్రాక్టర్‌ను మెల్లగా ఒడ్డెక్కించాడు.

అంబులెన్స్ వాళ్లు స్ట్రెచర్‌తో ఎదురొచ్చారు. పాట మోగుతున్నా బిడ్డ గట్టిగానే తంతోందంది సక్రి. జస్టిన్ మొహం తుడుచుకుని పాట ఆపబోయాడు.

"ఆపకు," అంది దీవెన. "ఫోన్ నాకియ్యి, నాతోని రానియ్యి. షాలేమ్‌ను మళ్ల ఈ వాగుల్నే ఇడిచిపెట్టి పోతమా?"