టమాటా మొక్కకు వలముడి

వరమ్మకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. పొద్దున్నే నీళ్లు పోసింది, మట్టి ఇంకా తడిగానే ఉంది. అయినా పెరట్లో టమాటా మొక్కలు తలలు వేలాడేశాయి. అదీ పై సగమే. కింది ఆకులు మాత్రం ఏమీ ఎరగనట్టు నవనవలాడుతున్నాయి.

కొల్లేట్లో చేపల పని మానేసి తాడేపల్లిగూడెం వచ్చాక వరమ్మ దంపతులకు ఇదే మొదటి కోత పండుగ. ఏటా తమ చేతులతో పట్టిన చేపలే చర్చికి కానుకగా తీసుకెళ్లేవారు. ఈసారి పెరటి టమాటాలు ఇవ్వాలని ఆమె పట్టుదల. బజార్లో కొనుక్కెళ్లమని కూతురు హెప్సిబా అంటే, "కొన్నది కానుకెలా అవుద్దే?" అని కసిరింది కూడా. పండుగ చూస్తే దగ్గరికొచ్చేసింది, కాయలింకా పచ్చిగానే ఉన్నాయి.

పురుగేమోనని ఆకులు తిరగేసి చూసింది. లేదు. వేరు కుళ్లిందేమోనని మట్టి తవ్వి చూసింది. అదీ లేదు. సంగతేమిటో తేలేదాకా లేచేది లేదనుకుని చతికిలబడి, కాండం వెంబడి వేళ్లు పోనిచ్చింది. వాడిపోవడం మొదలైంది సరిగ్గా కర్రకు కట్టిన ముడి దగ్గర.

మొక్కలు వాలిపోతుంటే కర్రలు పాతి కట్టింది భర్త దేవరాజే. వల అల్లే నైలాన్ దారంతో, వలకు వేసే ముడే వేశాడు. లాగేకొద్దీ బిగుసుకునే రకం. కాండం లావెక్కింది, దారం మాత్రం పట్టు వదల్లేదు. వరమ్మకు నవ్వొచ్చింది, వెంటనే గుండె కలుక్కుమంది. మోకాళ్లు మొరాయించి ఇంట్లో కూలబడ్డాక ఆ మనిషి ఇష్టంగా చేసిన పని ఇదొక్కటే. ఎలా చెప్పడం?

ఇంతలో ఆయనే వచ్చాడు.

"చూశావా, నా ముడి ఒక్కటైనా జారిందా?"

"జారలేదండీ. అదే వచ్చిన చిక్కు. ఇలా చూడండి."

దేవరాజు వంగి చూశాడు. మొహం చిన్నబోయింది. బ్లేడు తెచ్చి ముడులన్నీ తనే కోసేశాడు. వరమ్మ పాత నేతచీర చించి పేలికలిచ్చింది. కట్టబోతే ఆయన చేతులు మాట వినవు, మళ్లీ బిగించేస్తున్నాయి. విసుక్కుని, కాండానికీ కర్రకూ మధ్య చూపుడువేలు పెట్టాడు.

"వేలి మీంచి నువ్వు కట్టు. ఆ మాత్రం వదులుంటే చాలు."

వరమ్మ కట్టింది.

"పండక్కి కాయలుంటాయంటావా?"

"కింది గుత్తులకేం కాలేదండీ. రెండు మూడైనా పండుతాయి."

"అయితే నువ్వే పట్టుకెళ్లు. నేను చేసిందేముంది, పీకలు నొక్కడం తప్ప."

ఆయన గొంతులో దిగులు ఆమెకు వినబడింది. పక్క మొక్క దగ్గరికి జరిగి, పేలిక పట్టుకుని ఆగింది.

"ఇద్దరం పట్టుకెళ్దాం. ముందు వేలిటు పెట్టండి."