రెండో కుర్చీ

ఆయన భార్యను చంపింది ఊపిరితిత్తుల జబ్బు కాదు, శిష్యురాలు. ఈ సంగతిలో ఆయనకు ఏ అనుమానమూ లేదు. డాక్టర్లు కాగితం మీద వేరే ఏదో రాశారు. వాళ్లకేం తెలుసు? ఆ రోజు వేదిక మీద వాళ్లు లేరు.

భార్యాభర్తలిద్దరూ ఒకే ఆర్కెస్ట్రాలో ట్రాంబోన్, అంటే ముందుకీ వెనక్కీ జరిపే గొట్టమున్న ఇత్తడి బాకా, ఊదేవాళ్లు. ఆమెది మొదటి కుర్చీ, పై స్వరాలకు; ఆయనది రెండోది, వాటి కింది స్వరాలకు. పెళ్లికి ముందు నుంచీ అంతే. "ఇంట్లో కూడా అంతేనా?" అని వయొలిన్లవాళ్లు ఎకసెక్కాలాడితే, "ఇంట్లో నాకసలు కుర్చీయే లేదు" అనేవాడు ఆయన. కచేరీ లేనప్పుడు ఇద్దరూ ఇంట్లోనే పాఠాలు చెప్పేవాళ్లు. ముందుగదిలో ఆమె, వెనకగదిలో ఆయన. మధ్య గోడ పలచన. ఆమె పిల్లలు తప్పు ఊదితే ఆయన ఇటునుంచి గోడ మీద గుద్దేవాడు. ఆయన పిల్లలు తప్పు ఊదితే ఆమె నవ్వేది. ఆ నవ్వు గోడలోంచి వినబడేది.

శిష్యురాలు పాలపళ్లు ఊడే వయసులో వాళ్ల దగ్గరకు వచ్చింది. గొట్టం చివరిదాకా చెయ్యి చాలేది కాదు. కింది స్వరాలకు ఒళ్లంతా ముందుకు విసిరేది. ఊపిరి పీల్చిందంటే వీధి చివరికి వినబడేది. అందుకని ఆయన భార్య దానికి కొలిమితిత్తి అని పేరు పెట్టింది. వాడుకలో అది తిత్తి అయింది. తిత్తి ఆ ఇంట్లోనే తిని, ఆ ఇంట్లోనే పెరిగి, చివరకు అదే ఆర్కెస్ట్రాలో మూడో కుర్చీలో కూర్చుంది.

తర్వాత ఆయన భార్యకు జబ్బు చేసింది. ఊపిరి నిలిచేది కాదు. పై స్వరం అందుకునేది, సగంలో జారవిడిచేది. రెండో కుర్చీవాడికి ఒక పని ఉంది. మొదటి కుర్చీ తడబడితే ఆ స్వరాన్ని తను అందుకోవాలి. వినేవాడికి అతుకు తెలియకూడదు. ఆయన అందుకున్నాడు. మొదట ఒక స్వరం, తర్వాత ఒక వరస, పోనుపోను ఆమె ఊదాల్సిన పార్టంతా. తన పార్టును గాలికి వదిలేశాడు. మధ్య గొంతు ఒకటి లేకపోతే హాల్లో ఎవడికి తెలుస్తుంది? ఆమె పెదవులకు ఆనించుకుని, ఉత్తినే గొట్టం జరుపుతూ కూర్చునేది.

ట్రాంబోన్‌కు మీటలుండవు. గొట్టం ఎంత దూరం జరిగిందో చూస్తే చాలు, ఏ స్వరమో తెలిసినవాళ్లకు తెలిసిపోతుంది. వేరువేరుగా జరగాల్సిన రెండు గొట్టాలు కవలపిల్లల్లా జరుగుతుంటే పక్కనున్నదానికి కనబడదా? తిత్తికి కనబడింది. వెళ్లి ఆర్కెస్ట్రాను నడిపే కండక్టరు చెవిలో వేసింది. ఆ వారమే ఆమెను కుర్చీలోంచి లేపేశారు. కుర్చీ తిత్తికిచ్చారు. ఆమె మళ్లీ ట్రాంబోన్ పెట్టె తెరవలేదు. ఆ చలికాలం దాటలేదు.

ఆయన ఆర్కెస్ట్రా మానేశాడు. పాఠాలు మాత్రం చెబుతున్నాడు. ఇల్లు చూసుకోవడానికి మరదలు వచ్చి ఉంటోంది. భార్య చెల్లెలే కాబట్టి ఆయన కసుర్లను లెక్కచేయదు.

ఆ రోజు ఆయన పళ్ల డాక్టరుకు పాఠం చెబుతున్నాడు. ఆ మనిషికి యాభై దాటాక సంగీతం మీద మనసు పోయింది.

"డాక్టరుగారూ, మీరు ఊదుతున్నారా, కాఫీ చల్లార్చుకుంటున్నారా?"

"ఊపిరి అందడం లేదు మాస్టారూ."

"భుజాలు ఎగరేస్తే ఎక్కడందుతుంది? నడుము దాకా పీల్చాలి. చొక్కా జేబులోకి కాదు."

మరదలు తలుపు తోసింది. "బావా, తిత్తి వచ్చింది."

"నేను లేనని చెప్పు!"

"నువ్వే చెప్పేశావుగా, వీధంతా వినబడేలా."

తిత్తి అప్పటికే గుమ్మంలో ఉంది. నల్ల కోటు, మెడలో నలిగిన రుమాలు. చిక్కిపోయింది.

"మాస్టారూ, మా రెండో కుర్చీ ఆయన సైకిల్ మీంచి పడ్డాడు. ముందు పళ్లు పోయాయి."

"ఇదిగో పళ్ల డాక్టరు. వెంటబెట్టుకుపో."

డాక్టరు నవ్వబోయి, ఇద్దరి మొహాలూ చూసి మానుకున్నాడు. పెట్టె సర్దుకుని, వచ్చేవారం వస్తానని గొణిగి, గోడవారగా వెళ్లిపోయాడు.

"శనివారం కచేరీ ఉంది," అంది తిత్తి. "చివరి భాగంలో మూడు ట్రాంబోన్లూ కలిసి మెల్లగా ఊదేది. మీకు తెలుసు."

"తెలియకేం? మీ టీచరమ్మ చివరిసారి కూర్చున్నది దానికే."

"అందుకే మీ దగ్గరకొచ్చాను."

"ఎందుకు? లేపడానికి ఇంకెవరూ మిగల్లేదా?"

"ఇంటికొచ్చినదాన్ని కూర్చోమనైనా అను బావా," అంది మరదలు.

"కుర్చీ తీసుకోమని దానికి ఒకరు చెప్పాలా?"

తిత్తి మొహం తెల్లబడింది. ఇన్నాళ్లూ ఆయన ఎన్ని అన్నా తల దించుకుని పోయేది. ఈసారి కదల్లేదు.

"కండక్టరుతో చెప్పమంది టీచరమ్మే."

"ఏం చెప్పమంది?"

"తనను రెండో కుర్చీకి మార్చమని. కింది స్వరాలైతే ఊదగలనంది. మీకు చెబితే మీరు వినలేదంది. కండక్టరు మారుస్తాడనుకున్నాను మాస్టారూ. ఏకంగా తీసేస్తాడనుకోలేదు."

ఒక పొద్దున్న స్నానాలగదిలో భార్యాభర్తలిద్దరూ గొట్టాలు కడుగుతుండగా ఆమె ఆ మాట అన్నది నిజమే. కుర్చీలు మార్చుకుందామా అంది. నేను బతికుండగా నువ్వు రెండో కుర్చీలో కూర్చోవు అన్నాడు ఆయన. చాలా గొప్ప మాట అన్నాననుకున్నాడు.

"పోయినవాళ్ల మీదకు నెట్టడం తేలికే," అన్నాడు.

"ఆవిడ అన్న మాట అన్నట్టుగానే చెప్పనా? 'నాకు మిగిలిందే కాస్త ఊపిరి. అది కూడా ఆయనే ఊదేస్తున్నాడే తిత్తీ. తప్పో ఒప్పో, నన్ను ఊదనివ్వమనవే.' ఇదీ మాట."

ఆయన మరదలి వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

మరదలు బల్ల మీదున్న కాగితాలు సర్దింది. సర్దాల్సిన కాగితాలేం లేవు. "నాతోనూ అంది బావా. నీతో చెప్పే ధైర్యం ఎవరికుంది?"

కిందింటివాళ్ల కుళాయి ఆగి ఆగి కారుతోంది.

"రిహార్సల్ ఎప్పుడు?" అన్నాడు ఆయన.

"రేపు పొద్దున్నే."

"వస్తాను. నీ మాట నమ్మి కాదు. నీ పెదవీ ఎక్కడో ఒకచోట జారుతుంది. అప్పుడు నేను అందుకుంటాను. పక్కవాడు అందుకుంటే ఎలా ఉంటుందో, దాన్ని దొంగతనమంటారో దయ అంటారో, అప్పుడు నీకే తెలుస్తుంది."

శనివారం హాలు నిండింది. మొదటి మూడు భాగాల్లో ట్రాంబోన్లకు పని లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, పెదవులకు ఆనే మౌత్‌పీస్ చల్లబడకుండా పిడికిట్లో దాచుకుని కూర్చోవాలి. అదే అసలు కష్టం. ఊదేవాడికి భయపడే తీరిక ఉండదు. కూర్చున్నవాడికి ఉన్నదంతా తీరికే. తిత్తి మొదటి కుర్చీలో ఉంది. ఆయన భార్య కూర్చున్న కుర్చీ అదే. ఆయన అటు చూడలేదు.

చివరి భాగంలో వంతు వచ్చింది. ముగ్గురూ ఒక్కసారే ఊపిరి పీల్చారు. గుడ్డ పరిచినంత మెత్తగా మొదలైంది. రెండో వరసలో తిత్తి పై స్వరం అందుకుంది. నిలబెట్టింది. నిలబెట్టినది సన్నబడింది, దారమైంది. తెగబోతోంది.

ఆయన చెయ్యి తనంతట తానే ఆ స్వరం దగ్గరకు జరిగింది. ఛాతీ నిండింది. ఊదడమే తరువాయి. సరిగ్గా అప్పుడు తిత్తి కంటి కొసనుంచి ఆయన వైపు చూసింది.

ఆ చూపు ఆయన ఎరిగినదే. ఆఖరి రోజుల్లో ప్రతి కచేరీలోనూ భార్య అలాగే చూసేది. కాస్త సాయం పట్టమంటోందనుకున్నాడు. పట్టాక కృతజ్ఞత అనుకున్నాడు. ఇంటికెళ్లి కడుపునిండా తిని, సుఖంగా నిద్రపోయాడు. ఇంత దగ్గరగా, ఇన్నిసార్లు చూసీ, అది భయమని తెలుసుకోలేదు. తన నోటి దగ్గరిది ఇంకెవరో లాక్కుంటారనే భయం. ఒద్దు, ఒద్దు అనే చూపు.

ఆయన గొట్టం వెనక్కి లాగాడు. తన పార్టులో తన కింది స్వరం ఏదుందో అది ఊదాడు.

పై స్వరం పగిలింది. హాలంతా విన్నది. కండక్టరు కనుబొమ్మ ఎగిరింది. తిత్తి కొలిమిలా ఊపిరి పీల్చి, బొంగురుగా, వంకరగా మళ్లీ అందుకుంది. చివరిదాకా తనే ఊదింది. ఆయన పక్కనే కింది స్వరాల్లో నడుస్తూ, ఇలా ఒక్క సాయంత్రమైనా భార్య పక్కన ఊది ఉండాల్సిందని అనుకున్నాడు. ఆ ఒక్క సాయంత్రం ఇక రాదు.

కచేరీ అయ్యాక వేదిక వెనక, ఆయన గొట్టంలోని తడి వదిలి తుడుచుకుంటుంటే తిత్తి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"మీరు అందుకోలేదు మాస్టారూ."

"నా పార్టు నేను ఊదాను."

"అంటే, టీచరమ్మ అన్న మాట మీరు నమ్మి..."

ఆయన పెట్టె మూసి గొళ్లెం వేశాడు. "నిన్ను క్షమించాననుకుని పోకు. వచ్చి నా మొహాన చెప్పాల్సింది. నేను కొట్టినా సరే, చెప్పాల్సింది. నువ్వు వెళ్లి కండక్టరుతో చెప్పావు."

"చెప్పాల్సింది," అంది తిత్తి.

"ఆ రెండో కుర్చీవాడికి పళ్లు పెట్టేదాకా వస్తాను. పార్టు గురించి అడుగు, చెబుతాను. ఆ పాత కుర్చీ సంగతి మాత్రం నా దగ్గర ఎత్తకు. మీ టీచరమ్మ చెల్లెలికీ అదే చెప్పు. నేనూ ఎత్తను, నీ దగ్గర గానీ, ఇంకెవరి దగ్గర గానీ. ఇదే ఆఖరు."