గుండుతల ఫ్రిజ్జులో ముహూర్తం చీర

పొద్దున్నే ఫ్రిజ్జు తలుపు తీసిన అంజనమ్మ కెవ్వుమంది: ఎర్రటి ముహూర్తం చీర రాత్రికి రాత్రే పాడె మీది గుడ్డలా పాలిపోయింది.

మగ్గం దిగి భర్త పుల్లయ్య పరుగెత్తుకొచ్చాడు. మడతల అంచులన్నీ తెల్లగా ఉన్నాయి. లోపలి మడతలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఫ్రిజ్జు లోపలి ఘాటుకు ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. పెనుకొండ పెళ్ళివాళ్ళు ఆ సాయంత్రమే చీర కోసం వస్తారు.

ధర్మవరంలోని ఆ ఇంట్లో ఫ్రిజ్జు నీళ్ళు చల్లబరచడానికి కాదు, పట్టు దాచడానికి. పెనుకొండకు కరెంటు కొత్తగా వచ్చిన రోజుల్లో ఎవరో పెద్ద అధికారి వాడిన ఫ్రిజ్జట అది. నెత్తిన గుండులాంటి యంత్రం, తలుపుకు ఇనుప గొళ్ళెం. పుల్లయ్య తాత దాన్ని వేలంలో కొన్నాడు. ఎలుక దూరదు, దుమ్ము పడదు. నేసిన చీర మగ్గం దిగగానే అందులోకి వెళ్ళడం ఆ ఇంటి ఆనవాయితీ.

"ఇది ఇస్సాకు పనే. ఆ కంపు కూడా వాని రంగుదే" అన్నాడు పుల్లయ్య. చీర పట్టుకు రంగు అద్దింది ఇస్సాకే.

మధ్యాహ్నానికల్లా పుల్లయ్య వీధిలోని మగ్గాల ఇళ్ళన్నీ తిరిగి, ఇస్సాకుకు పట్టు ఇవ్వొద్దని చెప్పొచ్చాడు. సంగతి తెలిసి ఇస్సాకు ఎర్ర పోగులు పట్టుకొని వచ్చాడు.

"చూడన్నా, ఇది మీ చీరకు రంగేసిన బానలోదే. ఎండలో ఆరేసింది. యాడన్నా తెలుపు కనపడ్తాందా?"

"మంచిది చూపిచ్చేకి దాచిపెట్టుకొని, మాకు ఉత్త నీళ్ళు పోసినావు."

"ఉడుకునీళ్ళకే వదలని రంగన్నా ఇది! ఫ్రిజ్జులో ఊరికే కూచుంటే పోతాదా?"

"మా కోడలి చీరకు నువ్వు అద్దకపోవడమే మేలాయ" అంది అంజనమ్మ. "పీటల మీదే తెల్లచీరతో కూచోనుండేది పాపం."

ఇస్సాకు పోగులను మళ్ళీ వెలుగుకు పట్టి చూపించాడు. పట్టు ఇచ్చేవాళ్ళు లేకపోతే అతని బానలు ఎండిపోవాల్సిందే.

గడపలో ఎవరో దగ్గారు. ఫ్రిజ్జు మెకానిక్కు గంగాధర. పాత యంత్రం మళ్ళీ నడుస్తుందేమో చూడమని పుల్లయ్యే అతన్ని నిన్న హిందూపురం నుంచి పిలిపించాడు. మిగిలిన పనికి ఇవాళ మళ్ళీ రైలు దిగి వచ్చాడు.

"సమయానికొచ్చినావబ్బా. నువ్వే చెప్పు. ఫ్రిజ్జులో పెడితే చీర రంగు పోతాదా?" అన్నాడు పుల్లయ్య.

గంగాధర 'పోదన్నా' అంటే చాలు. ఆ ఒక్క మాట చెప్పి తిరుగు రైలెక్కొచ్చు. ఇస్సాకు అతని నోటి వైపే చూస్తున్నాడు.

గంగాధర ఫ్రిజ్జు తలుపు తీశాడు. అగ్గిపుల్ల గీసి ఆర్పినట్టు ఘాటు. నిన్నటి వాసనే. తలుపు మూసి, దానికే ఆనుకొని నిలబడ్డాడు.

"ఇస్సాకన్న తప్పు లేదన్నా. నేనే చేసినా. నిన్న పాత గ్యాసు తీసేకి లోపల ఐసుపెట్టె కాడ గొట్టం కోసినా. ఇప్పటి ఫ్రిజ్జులకైతే గ్యాసు అట్లే గాలికి వదిలేస్తాము, ఏమీ కాదు. మా ఉస్తాదు చెప్తానే ఉండె, గుండుతల ఫ్రిజ్జుల్లో గంధకం గ్యాసు ఉంటాదిరా, కారితే ఇంటోళ్ళంతా దగ్గుకుంటా బయటికి ఉరికేవాళ్ళు, గొట్టం ముట్టొద్దు అని. ఇన్నేండ్లకు ఇంకా యాడుంటాదిలే అనుకున్నా. కోస్తానే బుస్సుమనె. కండ్లు మండిపాయ. పట్టకారుతో గొట్టం నొక్కి తలుపేసినా. నొక్కింది సరిగా పడినట్టు లేదు, రాత్రంతా కారి తగిలిన కాడల్లా రంగు తినేసింది. కింద చీర ఉండేది నేను చూసినాన్నా. తీసి బయటపెడితే ఎందుకని అడుగుతావని తీయలా. ఇందాక మీరు ఇస్సాకన్నను తిడతాంటే గడపలోనే నిలబడి వింటా ఉంటి. ఎనక్కి తిరిగి పోదామనుకుంటి గూడా. నువ్వు చెప్పొచ్చిన ఇండ్లు యాడుండాయో చూపియ్యన్నా, ఆడంతా ఈ మాటే చెప్తా. సాయంత్రం పెనుకొండోళ్ళకు గూడా నేనే చెప్తా."