నాలుగు అక్షరాల వరుస

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకు ప్రశ్నపత్రాలు టైప్ చేసిచ్చే చిన్న డీటీపీ షాపు ప్రసన్నది. చిన్నప్పుడు ఊళ్లో గడ్డి కోసే మిషన్‌లో పడి ఆమె ఎడమచేతి వేళ్లు మూడు పోయాయి. మామూలు కీబోర్డు మీద చెయ్యి సాగేది కాదు. అప్పట్లో పక్క షాపులో కంప్యూటర్లు బాగుచేసే ఆనంద్ కుమార్ అది గమనించి, మూడు నెలలు కూర్చుని, ఒక్కో కీకీ తన చేత్తోనే వైరు కలిపి, ఆమె వేళ్లకు అందేలా ఒక కీబోర్డు తయారుచేసి ఇచ్చాడు. ఇచ్చిన వారానికే పెళ్లి చేసుకుందామా అని అడిగాడు.

తల్లి ఎలీశమ్మకు వారానికి రెండుసార్లు డయాలిసిస్ చేయిస్తున్న రోజులవి. జర ఆగమంది ప్రసన్న. ఎన్నాళ్లో చెప్పలేదు. అతను రెండేళ్లు ఆగి, పెద్ద అంబర్‌పేట్‌లో పని దొరికితే వెళ్లిపోయాడు. తల్లి పోయి ఆర్నెల్లయినా అతనికి ఫోన్ చేయడానికి ఆమెకు మొహం చెల్లలేదు.

ఒక సోమవారం పొద్దున ఆ కీబోర్డు మీద క, ర, న, త అక్షరాలు పడటం మానేశాయి. అవి లేకుండా తెలుగులో ఒక్క ప్రశ్నా పూర్తికాదు. ప్రసన్న కేబుల్ మార్చింది. వేరే కంప్యూటర్‌కు తగిలించి చూసింది. కీలు పీకి దుమ్ము తుడిచింది. ఎల్బీ నగర్‌లో రిపేరు షాపాయన చేత్తో కట్టిన సరుకు తాను ముట్టనని, కొత్తది కొనుక్కోమని అన్నాడు. తిరిగొచ్చి, షాపు తలుపు దగ్గరికి వేసి, ఆనంద్‌కు ఫోన్ చేసింది.

అతను ఎక్కువ అడగలేదు. ఆ నాలుగు కీలకూ వైరు ఒకటేననీ, అది ఊడి ఉంటుందనీ, కింది మూత విప్పి చూడమనీ చెప్పాడు. చూస్తే నిజంగానే ఒక మూల అతుకు విడిపోయి ఉంది. పెన్సిల్‌తో వైరు నొక్కి పట్టుకుంటే నాలుగు అక్షరాలూ పడ్డాయి.

"అట్ల ఒత్తిపెడితే ఉండది, సోల్డరింగ్ చెయ్యాలె. ఆదివారం నేనొచ్చి చేస్త," అన్నాడు.

రమ్మనబోయింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇరవయ్యో తారీకు నా పెళ్లి. కార్డు గూడ ఇచ్చినట్లయితది," అన్నాడు ఆనంద్.

ప్రసన్న పెన్సిల్ తీసి పక్కన పెట్టింది.

"నువ్వు రాకు ఆనంద్. ఎట్ల చెయ్యాల్నో చెప్పు, నేనే చేస్త," అంది.

పక్క షాపులో సోల్డరింగ్ సామాను అడిగి తెచ్చుకుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. ముందు అతుకు వేడెక్కాలి, తర్వాతే సీసం తాకించాలి, మెరవగానే తీసెయ్యాలి అని అతను చెబుతుంటే చేసింది. రెండుసార్లు జారిపోయింది. తొందరేం లేదన్నాడు. అతని ఊపిరి ఫోన్‌లో వినిపిస్తూ ఉంది. మూడోసారి కూడా కుదరకపోతే బాగుండుననిపించింది. కానీ కుదిరింది.

ఇంకేమన్నా ఉందా అని అడిగాడు. లేదంది. పెట్టేశాడు.

మూత వెంటనే బిగించలేకపోయింది. లోపల వందకు పైగా అతుకులు, అన్నీ ఒకే కొలతలో, నున్నగా. ఆమె వేసినది ఒక్కటే వంకరగా ఉంది. ఆ మూడు నెలలూ అతను పక్క షాపులో తల వంచుకుని కూర్చుంటే, తాను ఒక్కసారైనా వెళ్లి పక్కన కూర్చోలేదని గుర్తొచ్చింది. సాయంత్రం ప్రశ్నపత్రం కోసం కోచింగ్ సెంటర్ మనిషి వచ్చేదాకా ఆ అతుకులను ఒక్కొక్కటిగా వేలితో తడుముతూనే ఉంది.