ఆల్సీద్ నీలి రేకు

దాన్ని రైల్వే అనడం కాస్త పెద్ద మాటే. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం ఉత్తరపు కొసన, బంగాళాదుంప పొలాల మధ్య నుంచి నది వెంబడే పాకుతూ వెళ్ళి, పెద్ద కంపెనీ వాళ్ళ లైను తగిలేచోట ఆగిపోయే ఒంటి పట్టాల దారి. ఒక ఇంజను, ఒక షెడ్డు, ముగ్గురు మనుషులు. ఆ ఇంజను కూడా ఎవరో పాతబడిందని వదిలించుకున్నదే. అయినా అక్కడి వాళ్ళ ముందు 'మీ బుల్లి రైలు' అని చూడండి, ఆ పూట మీకు కాఫీ పుట్టదు.

ఈ లైను వేసింది, ఇప్పుడు ఆ ఇంజను నడుపుతున్న ఓడీల్ తాత తెయోఫీల్ తెరియో. లారీలు ఇంకా అటువైపు తొంగిచూడని రోజుల్లో, దుంపలు పండించే రైతులందరినీ కూడగట్టి, వాళ్ళ చేతే పట్టాల కింద పరిచే స్లీపర్లు మోయించి మరీ వేశాడు. చలికాలంలో దుంపలు గడ్డకట్టకుండా వ్యాగన్లలో పొయ్యిలు పెట్టేవారు. ఆ పొయ్యిలు ఎగదోస్తూ ఒక మనిషి దుంపలతో పాటే బోస్టన్ దాకా పోయి, మసిబారిన మొహంతో తిరిగొచ్చేవాడు. తరవాత లారీలు వచ్చాయి. గంజిపిండి మిల్లు మూతపడింది. ఎరువుల గోదాము మూతపడింది. చివరికి రైలుకి సరుకిచ్చే ఆసామి మిగిలింది ఒక్కడే, దుంపల వేపుడు ముక్కలు చేసే ఫ్యాక్టరీ.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ కూడా చెయ్యి జారిపోయేలా ఉంది. వాళ్ళకి నూనె ట్యాంకు వ్యాగన్లు నిలబెట్టుకోవడానికి చోటు కావాలి. పాత గంజిపిండి మిల్లు వెనకున్న పక్క లైను ఖాళీ చేసి ఇస్తే సరి, లేదంటే సోమవారం నుంచి సరుకంతా లారీల్లోనే పోతుందని మేనేజరమ్మ తేల్చి చెప్పింది. ఆవిడ ఇచ్చిన గడువు ఈ శుక్రవారం సాయంత్రం. ఆ గడువు దాటితే తాత వేసిన లైను మీద గడ్డి మొలవడమే తరువాయి.

అక్కణ్ణుంచి తియ్యాల్సింది ఒక్క వ్యాగన్. దాని ముందు పట్టాకి బిగించి ఓ నీలి రేకు ఉంది. ఆ రేకు ఓడీల్ తండ్రి ఆల్సీద్‌ది.

ఆ రేకు సంగతి రైలు పని చేసేవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. వ్యాగన్ కిందికి దూరి మరమ్మతు చేసే మనిషి ముందుగా తన నీలి రేకు తెచ్చి పట్టాకి బిగిస్తాడు. అది ఉన్నంతసేపు ఆ వ్యాగన్ని ఇంజను తాకకూడదు. పని అయ్యాక బిగించినవాడే వచ్చి దాన్ని తియ్యాలి. తీసి, 'నీలం దిగింది' అని కేకెయ్యాలి. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టి విన్నానని చెప్పాలి. తెయోఫీల్ హయాంలో ఒకసారి తొందరమీదున్న ఫోర్‌మన్ ఒకడు మరొకడి రేకు పీకేశాడు. కింద మనిషి లేడనుకున్నాడు. ఉన్నాడు. ఆ రోజు నుంచి తెరియోల లైను మీద ఇంకొకరి రేకు ముట్టుకున్నవాడు లేడు.

ఆల్సీద్ ఓ అక్టోబరు పొద్దున ఆ వ్యాగన్ బ్రేకులు పట్టేశాయని రేకు బిగించి కిందికి దూరాడు. మధ్యలో కాఫీ తాగుదామని బయటికొచ్చి, షెడ్డు మెట్టు మీద కూర్చుని, ఫ్లాస్కు మూత తిప్పుతూ తిప్పుతూ పక్కకి ఒరిగిపోయాడు. గుండె ఆగింది. సమాధి దగ్గర్నుంచి తిరిగొచ్చాక, పక్క లైను మీద ఆ రేకు అలాగే ఉందని అందరికీ గుర్తొచ్చింది. తియ్యమంటారా అని అడిగితే తెయోఫీల్ టోపీ తీసి చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. "నా కొడుకు పని ఇంకా అవలేదు. వాడి రేకు జోలికి ఎవరూ పోవద్దు," అన్నాడు. ముసలాయన దుఃఖంలో అన్న మాటని ఎదిరించే మొనగాడెవడు? ఆ వ్యాగన్ అక్కడే ఉండిపోయింది. షెడ్డులో రేకులు తగిలించే, పేర్లు రాసిన కొక్కేల వరసలో ఆల్సీద్ కొక్కెం బోసిగా ఉండిపోయింది. ముప్పై ఏళ్ళు గడిచాయి.

శుక్రవారం పొద్దున నదిలోంచి లేచిన మంచు పొలాల్ని మింగేసి కూర్చుంది. ఓడీల్ ఇంజనుని పక్క లైను మొదట్లో ఆపి, రెంచి పట్టుకుని దిగింది. వెనకే హోలిస్ గ్రేడీ దిగాడు. ఆల్సీద్ కాలంలోనే పనిలో చేరి, రిటైరయ్యే వయసు దాటినా ఇంటికి పోనంటున్న పెద్దమనిషి. ముందు నడుస్తూ వాకీటాకీలో దారి చెప్పడం అతని పని.

"రొజేర్ వచ్చేదాకా ఆగకూడదామ్మాయ్? వాడూ ఆల్సీద్ కొడుకేగా," అన్నాడు.

"వాడు మధ్యాహ్నం గానీ రాడు. వచ్చేలోపే తీసేస్తాను. వాడి చేత ఈ పని చేయించడం నాకిష్టం లేదు."

"మీ తాత ఉంటే నీ చెవి మెలేసేవాడు."

"మా తాత ఉంటే ఆ మేనేజరమ్మతో ఆయనే మాట్లాడుకునేవాడు. నాకీ ఖర్మ ఎందుకు?"

రేకు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. మరలు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటాయని నూనె డబ్బా కూడా తెచ్చుకుంది. రెంచి ఆనించగానే మర నిన్న బిగించినంత సులువుగా తిరిగింది. రేకు మీది రంగు కూడా నిగనిగలాడుతోంది. ప్రతి వసంతంలో తమ్ముడు రొజేర్ ఎవరికీ చెప్పకుండా రంగు వేసి, మరలకి గ్రీజు పెట్టి పోతాడని ఆమెకు తెలుసు. తెలిసినా ఏనాడూ అడగలేదు. కొన్ని పనులు అడిగితే చిన్నబోతాయి.

రేకు చేతిలోకి రాగానే ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. తండ్రిని రెండోసారి పూడ్చిపెట్టినట్టే అనిపించింది. 'నీలం దిగింది' అని కేకెయ్యడానికి నోరు రాలేదు. ఆ కేక వెయ్యాల్సింది తను కాదు. రేకుని ఇంజనులో తన సీటు వెనక నిలబెట్టి, ఫ్యాక్టరీ దగ్గర ఖాళీ వ్యాగన్లు విడిపించి రావడానికి ఇంజనుని అటు తిప్పింది. హోలిస్ ఆమె పక్కనే కూర్చున్నాడు.  అతను దారంతా మాట్లాడకుండా కూర్చోవడం ఆ లైను చరిత్రలో అరుదైన సంగతి.

వాళ్ళు తిరిగొచ్చేసరికి మంచు ఇంకా చిక్కబడింది. హోలిస్ దిగి ముందు నడిచాడు. ఓడీల్ మనిషి నడిచే వేగంతో ఇంజనుని వెనక్కి తోస్తూ, అతని గొంతు మీదే చెవి పెట్టింది.

"రా... రా... ఇంకా మూడు వ్యాగన్ల దూరం... రెండు..."

గొంతు ఆగిపోయింది.

గొంతు ఆగితే ఇంజను ఆగాలి, అది కట్టుబాటు. ఓడీల్ బ్రేకు వేసింది. వాకీటాకీలో గరగర తప్ప మరేమీ లేదు.

"హోలిస్, ఏమైంది?"

"నీలం ఉంది," అన్నాడు హోలిస్, చాలా మెల్లగా.

"ఇది పరాచికాలాడే సమయమా మీకు?"

"అమ్మాయ్, నేను ఆడట్లేదు. దిగి రా."

ఒళ్ళు మండి, నాలుగు దులిపేద్దామని దిగింది. హోలిస్ దగ్గరికి వచ్చేసరికి ఆ నాలుగూ గొంతులోనే ఇంకిపోయాయి. రెండు పట్టాల మధ్య, వ్యాగన్‌కి ముందు, పొద్దున తను తీసిన చోటే నీలి రేకు నిలబడి ఉంది. మంచు నీరు దాని మీంచి బొట్లుబొట్లుగా కారుతోంది. మరలు బిగించి ఉన్నాయి.

ఓడీల్ వెనక్కి పరిగెత్తి ఇంజనెక్కింది. సీటు వెనక రేకు లేదు. అది ఆనించిన చోట తడి గుర్తు మాత్రం ఉంది. రేకు అక్కడ పెట్టినప్పట్నించి ఇప్పటిదాకా తను ఇంజను దిగనే లేదు. 

తిరిగి వచ్చి నిలబడేసరికి వ్యాగన్ కింద నుంచి చప్పుడు వినిపించింది. టంగు. టంగు. ఇనుము మీద సుత్తి. హోలిస్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. 

"ఎవరది?" అంది ఓడీల్. 

చప్పుడు ఆగింది.

"నేనే అక్కా. అంత గావుకేక దేనికి?"

చక్రాల మధ్య నుంచి రొజేర్ పాక్కుంటూ బయటికొచ్చాడు. ఒళ్ళంతా గ్రీజు, జుట్టు నిండా తుప్పు.

"నువ్వు ఇక్కడేం చేస్తున్నావురా?" అని మాత్రం అడగగలిగింది.

"చక్రాలకి పట్టేసిన బ్రేకు దిమ్మెలు ఊడదీద్దామని. నువ్వొచ్చేలోగా నేనే అంతా సిద్ధం చేసి, నాన్న రేకు కూడా నేనే తీసేస్తే నీకా పని తప్పుతుంది కదా. ట్రక్కు పొలం వైపు ఆపి, మిల్లు వెనక నుంచి వచ్చా. వాకీటాకీ ట్రక్కులోనే ఉండిపోయింది."

"నీ రేకు ఏది?"

రొజేర్ తల గోక్కున్నాడు. "నాన్నది ఉందిగా అక్కా. ముప్పై ఏళ్ళుగా ఉన్న రేకు ఇవాళ మాత్రం ఎక్కడికి పోతుంది? చూడను కూడా లేదు."

 ఓడీల్ పట్టా మీద కూలబడింది. రెండు వ్యాగన్ల దూరం. హోలిస్ నోరు మూతపడకపోయి ఉంటే, తన చేత్తో తనే ఇంజనుని తోసి తమ్ముణ్ణి నలిపేసి ఉండేది. అక్కకి ఆ బాధ తప్పించాలని వాడు, తమ్ముడికి తప్పించాలని తను. పొద్దున ఆ రేకు తను పీకేసిందని చెబుతుంటే మాటలు ముక్కలయిపోయాయి. రొజేర్ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"మరి అదేంటి?" అని రేకు వైపు చూపించాడు.

"నువ్వు పెట్టలేదా?"

"నేను వ్యాగన్ కిందున్నా కదా."

"రంగు? ప్రతి ఏడూ రంగు వేసేది నువ్వు కాదా?"

"నువ్వనుకున్నానక్కా. నీకు గుర్తు చేస్తే ఏడుస్తావని అడగలేదు."

ఇద్దరూ హోలిస్ వైపు తిరిగారు. హోలిస్ తల అడ్డంగా ఊపాడు. "నేను మీ ఇద్దరిలో ఒకరనుకున్నా," అన్నాడు.

 ముందుగా తేరుకున్నది రొజేర్. "సరే, ఎవరు పెడితే ఏం. మనం ముగ్గురం బయటే ఉన్నాం. ఆ మేనేజరమ్మ గడియారం చూస్తూ ఉంటుంది. తీసేద్దాం," అని రేకు మీద చెయ్యి వేయబోయాడు.

ఓడీల్ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. చిన్నప్పుడు వంటింట్లో జామ్ సీసా దగ్గర ఇచ్చినట్టే ఇచ్చింది.

"ముట్టుకోకు. పొద్దున నేను చేసిన తప్పు చాలదా? బిగించినవాడే తియ్యాలి."

"బిగించినవాడు ఎవరక్కా?"

 "కూర్చో," అంది.

ముగ్గురూ పట్టా పక్కన స్లీపర్ల గుట్ట మీద కూర్చున్నారు. ఓడీల్ టిఫిన్ డబ్బా తీసి, చల్లారిపోయిన గోధుమరంగు అట్లు ముగ్గురికీ పంచింది. ఎవరికీ దిగలేదు. ఫ్యాక్టరీ నుంచి వాకీటాకీలో ఎవరో రెండుసార్లు పిలిచారు. లైను పోతే పోనీ అనుకుంది ఓడీల్. అంతటి మాట అనుకోగలనని తనకే తెలియదు.

అప్పుడు మొదలైంది. టంగు.

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ముగ్గురూ అక్కడే ఉన్నారు. వ్యాగన్ కింద, రొజేర్ వదిలేసిన చోట నుంచే, సుత్తి దెబ్బ వినిపించింది. మళ్ళీ ఒకటి. తొందర లేదు, తడబాటు లేదు. పట్టేసిన దిమ్మె ఒకటి దడాలున రాళ్ళ మీద పడింది. ఆ తరవాత ఇంకోటి. కింద నీడలో ఏమీ కనిపించడం లేదు. తుప్పు మాత్రం ఎర్రటి పొడిగా రాలుతోంది. హోలిస్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చివరి దెబ్బ రెండుసార్లు కొడతాడు," అన్నాడు గొణుగుతున్నట్టు. "ఆల్సీద్‌కి అలవాటు."

చివరి దెబ్బ రెండుసార్లు మోగింది.

కంకర మీద అడుగుల చప్పుడు. వ్యాగన్ పక్కగా నడిచి, రేకు దగ్గరికి వచ్చి ఆగింది. మంచు అక్కడ గోడ కట్టినట్టుంది. మర తిరుగుతున్న కీచుమనే శబ్దం ముగ్గురికీ స్పష్టంగా వినిపించింది. ఓడీల్‌కి భయం వేసింది. 'నాన్నా' అని పిలవాలనీ అనిపించింది. పిలిస్తే పోతాడేమోనని రెండు చేతులతో నోరు మూసుకుంది. రొజేర్ చిన్నపిల్లాడిలా ఆమె కోటు అంచు పట్టుకున్నాడు. నాన్న పోయేనాటికి వాడికి నడక కూడా సరిగా రాదు.

అడుగులు షెడ్డు వైపు వెళ్ళిపోయాయి. మంచు కొంచెం పలచబడింది. పట్టాల మధ్య రేకు లేదు.

"కేక వినపడలేదే," అన్నాడు రొజేర్.

"నాకు వినపడింది," అంది ఓడీల్. నిజంగా వినపడిందో లేదో ఆమెకే తెలియదు. లేచి ఇంజనెక్కి రెండుసార్లు హారను కొట్టింది. ముప్పై ఏళ్ళ నాటి బాకీ అది. కొడుతూ ఏడ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చింది.

వ్యాగన్ నిన్న మొన్నటి దానిలా కదిలింది. ఫ్యాక్టరీ మేనేజరమ్మ చీకటి పడకముందే వచ్చి ఖాళీ లైను చూసుకుని, తల ఊపి పోయింది. లారీల మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇంజనుని షెడ్డులో పెట్టాక ముగ్గురూ కొక్కేల వరస ముందు ఆగారు. ఆల్సీద్ పేరు కింద నీలి రేకు వేలాడుతోంది. రంగు అనేది ఎక్కడా లేదు. అంచులు తుప్పు తినేశాయి, మధ్యలో చిల్లులు పడ్డాయి, మర విరిగి సగమే మిగిలింది. ముప్పై చలికాలాలు ఎండా మంచూ తిన్న రేకు ఎలా ఉండాలో అలాగే ఉంది.

రొజేర్ దాన్ని తాకబోయి ఆగిపోయి, అక్క వైపు చూశాడు.

"ఇప్పుడు ముట్టుకోవచ్చులే," అంది ఓడీల్. "ఆయన పని అయిపోయింది."