నలుగురి యంత్రం

శామీర్‌పేట దాటి తుర్కపల్లి పోయే రోడ్డు మీద, లాల్‌గడి మలక్‌పేట్ మలుపుకు కాస్త ఇవతల, ద్రాక్షపండ్లు దాచడానికి కట్టిన కోల్డ్ స్టోరేజీ ఒకటి ఉండేది. తెగులు తగిలి తోటలు పోయాక అందులో దాచడానికి ఏమీ మిగల్లేదు. యజమాని దాన్ని ఎవరికైనా అద్దెకిద్దామని చూస్తున్న రోజుల్లో పద్మలత కంటపడింది. గోడలు మూరెడు మందం. లోపల చల్లగా ఉంచడం తేలిక. ఆమె వెతుకుతున్నది సరిగ్గా అలాంటి చోటు కోసమే. 1998 ఏప్రిల్లో ఆ గోడల మధ్యకు సూపర్ కంప్యూటర్ వచ్చింది.

అది ఏ ఒక్కరిదీ కాదు. రెండు విశ్వవిద్యాలయాలు, రెండు పరిశోధన సంస్థలు కలిసి పెట్టుకున్నది. విడివిడిగా కొనడం ఎవరి తరమూ కాదు గనుక, నలుగురికీ కలిపి ఒకటి కొనిపెడతామని ఢిల్లీలోని ప్రభుత్వ సైన్సు శాఖ ముందుకొచ్చింది. యంత్రం ఖరీదూ, మూడేళ్లు నడిపే ఖర్చూ శాఖవి. ఆ తర్వాత కరెంటు, మరమ్మతులు, జీతాలు నలుగురూ సమానంగా పంచుకోవాలి. ఆ కాగితం మీద నలుగురూ నవ్వుతూ సంతకాలు పెట్టారు. భౌతికశాస్త్రం పాఠాలు చెప్పుకుంటున్న పద్మలతను తెచ్చి ఆ కంప్యూటర్ కేంద్రానికి డైరెక్టరును చేశారు. ఆమెది మేడ్చల్ దగ్గర వ్యవసాయం చేసే కుటుంబం. సొంత పరిశోధన పెద్దగా సాగలేదు. పదిమంది పరిశోధన సాగేలా చూసినా చాలుననుకుని ఆ పనిలోకి వచ్చింది.

యంత్రం మీద సమయం అడిగేవాళ్లలో ఎక్కువమంది నక్షత్రాల మనుషులే. వాళ్లలో పెద్దవాడు యజ్ఞనారాయణ. రిటైరై నాగారంలో కొత్తగా లేచిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. వారానికి రెండుసార్లు బస్సులు మారి వచ్చేవాడు. ముప్పై ఏళ్లుగా ఆయనది ఒకటే ప్రశ్న. సూర్యుడికి పదిహేను రెట్లున్న నక్షత్రం, లోపలి ఇంధనం అయిపోయాక నడిమికి కుప్పకూలుతుంది. కూలినది నడిమిని గుద్దుకుని, లోపలినుంచి బయటికి ఒక పెద్ద అల లేస్తుంది. కొంతదూరం పోయి ఆ అల ఆగిపోతుంది. మళ్లీ కదిలితే నక్షత్రం పేలుతుంది, లేకపోతే లేదు.

"ఆకాశంలో పేలుతూనే ఉన్నాయమ్మా," అనేవాడు పద్మలతతో. "నా లెక్కలోనే పేలడం లేదు. ఏదో వదిలేస్తున్నాం. ఈసారి ఏదీ వదలకుండా చేద్దామని."

ఏదీ వదలకపోతే లెక్క నత్తనడక నడుస్తుంది. నక్షత్రంలో పావు సెకను గడవాలంటే యంత్రం మీద ఏడాది పైన పడుతుంది. 2000 ఫిబ్రవరిలో మొదలుపెట్టాడు. ఆ ఏడాది డిసెంబరుకు అల లేచింది, నూట ఎనభై కిలోమీటర్ల దూరం పోయింది, అక్కడ నిలబడింది. అదే నెల ఢిల్లీ నుంచి పద్మలతకు ఉత్తరం వచ్చింది. మార్చి ఆఖరుతో శాఖ బాధ్యత తీరుతుందనీ, ఆపైన ఒప్పందం ప్రకారం సంస్థలే నడుపుకోవాలనీ దాని సారాంశం.

ఆమెకు అప్పటికింకా భయం లేదు. నాలుగు చోట్లకూ ఉత్తరాలు రాసింది. జవాబులు రాకపోతే స్వయంగా వెళ్లింది. మొదట కలిసింది రాజారావు అనే రిజిస్ట్రారును. మర్యాదస్తుడు. కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"మేం ఇవ్వమని అనడం లేదు మేడమ్. మిగతా ముగ్గురూ కట్టినట్టు కాగితం తెండి. ఆ పూటే మా ఫైలు కదిలిస్తాను."

"వాళ్లూ అదే అంటారేమోనండీ. ఎవరో ఒకరు ముందు కట్టాలి కదా."

"మేం ముందు కట్టాక వాళ్లు కట్టకపోతే? నడవని యంత్రానికి డబ్బెందుకు కట్టావని ఆడిట్‌వాళ్లు నన్నడుగుతారు. నా కుర్చీలో మీరుంటే ఏం చెప్తారు?"

పద్మలత టీ తాగి లేచింది. ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టేందుకు ఏమీ దొరకలేదు. మెట్లదాకా వచ్చి సాగనంపాడు కూడా.

మిగతా మూడు చోట్లా ఇంచుమించు అవే మాటలు. ఒకచోట కాఫీ ఇచ్చారు. నలుగురినీ ఒకే గదిలో కూర్చోబెడితే ఒకరినొకరు చూసుకునైనా సరేనంటారని జనవరిలో సమావేశం పెట్టింది. నాలుగు సంస్థల నుంచీ మనుషులు వచ్చారు. యంత్రం ఎంత అవసరమో ఎవరికి వారు మాట్లాడారు. తీరా చూస్తే వచ్చినవాళ్లలో ఒక్కరికీ సంతకం పెట్టే అధికారం లేదు. సమావేశం వివరాలు పైవాళ్లకు తెలియజేస్తామని చెప్పి భోజనం చేసి వెళ్లారు.

ఆ మర్నాడు ఆమె తమ్ముడు సుధాకర్ కేంద్రానికి వచ్చాడు. వాళ్ల ద్రాక్షతోటను లేఅవుటు చేసి ప్లాట్లు అమ్ముతున్నాడు. మండలంలో ఏదో ఒక పదవికి నిలబడాలని తిరుగుతున్నాడు.

"అక్కా, గీ మిషన్ బందైతదంట గద. ఎల్లేష్ జెప్పిండు."

ఎల్లేష్ లాల్‌గడి మలక్‌పేట్ కుర్రవాడు. ఏసీలూ జనరేటరూ చూసుకుంటాడు.

"బందైతది. మార్చి ఆఖరుదాంక ఉంటది," అంది పద్మలత.

"ఎంత గావాలె?"

చెప్పింది. సుధాకర్ కాసేపు పెదాలు కదిపాడు. "ఏడాదికా? మస్తే ఉంది. గని రెండు ప్లాట్లు తీసేస్తే ఎల్లిపోతది. నేనిస్త."

"నీకేమొస్తదిరా దీంతోని?"

"ఏమొస్తదంటవేంది? సూపర్ కంప్యూటర్ సెంటర్‌కు దగ్గరనే అని కాయితాలేసి పంచిన. గిది మూతపడితే కొన్నోళ్లు నా గల్ల పట్టుకోరా?" నవ్వాడు. తర్వాత నవ్వు తగ్గించి, "గదొక్కటే గాదక్కా. నాయిన పోయినంక తోటల నీ పాలు గూడ నాకే ఇడిసిపెడితివి. ఎన్నడు ఒక్క రూపాయి అడగకపోతివి. నువ్వు గిట్ల పరేషానైతాంటే సూసుకుంట కూసోవాల్నా? గివి నీ పైసలే అనుకో," అన్నాడు.

 ఆ నెలన్నరలో ఎవరూ ఆమెను ఎంత కావాలని అడగలేదు.

చెక్కు తీసుకుని, కేంద్రం లెక్కలు చూసే విశ్వవిద్యాలయానికి వెళ్లింది. అక్కడి అకౌంట్స్ అధికారి పర్వతాలు చెక్కును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చెక్కు మంచిగనే ఉంది మేడమ్. దీన్ని ఏ పద్దు కింద రాయాలె? సర్కారు మిషన్ నడుపుతందుకు బయటి మనిషి పైసలు తీసుకునే పద్దు మా దగ్గర లేదు."

"కొత్త పద్దు పెట్టరాదా?"

"నా చేతిల లేదు. ఢిల్లీ ఒప్పుకోవాలె."

ఢిల్లీకి రాసింది. మూడు వారాలకు జవాబొచ్చింది. దాత డైరెక్టరుకు సొంత తమ్ముడనీ, కేంద్రం పేరు వాడుకుని స్థలాల వ్యాపారం చేస్తున్నాడనీ తమ దృష్టికి వచ్చిందనీ, ఈ విషయంలో డైరెక్టరు పదిహేను రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వాలనీ ఉంది అందులో. కరపత్రం జిరాక్సు కూడా జతచేశారు. ఎవరు పంపారో తెలియదు. పద్మలత ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివింది. సంజాయిషీ రాసింది. చెక్కు తీసుకెళ్లి తమ్ముడి చేతిలో పెట్టింది.

"ఇస్తనంటే గూడ ఒద్దంటున్నరా?" అన్నాడు సుధాకర్. అతనికి కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

ఇక ఆమె చేయగలిగింది ఒక్కటే మిగిలింది. ఉన్న నెల రోజులైనా యజ్ఞనారాయణ లెక్కకు ఎక్కువ సమయం ఇవ్వడం. కానీ సమయం అందరిదీ. ఒకరిది తీసి ఒకరికిచ్చే హక్కు ఆమెకు లేదు. ఆ సంగతి ఎలా తెలిసిందో, తృప్తి అనే పరిశోధక విద్యార్థిని యంత్రం మీద తనకున్న మార్చి గంటలు ఆయనకు రాసిచ్చి వెళ్లింది.

"నీ థీసిస్ ఏమైతదమ్మా?" అని అడిగింది పద్మలత.

"ఒక్క నెలలో నాది ఎట్లాగూ అవ్వదు మేడమ్. ఆయనదైతే ఏమో."

తృప్తిని చూసి ఇంకో ఎనిమిదిమంది రాసిచ్చారు. మార్చి మొత్తం యంత్రం ఆ ఒక్క నక్షత్రం మీదే పనిచేసింది. ఎండలు ముదిరి ఒక ఏసీ మొరాయిస్తే, ఎల్లేష్ తడిపిన గోనెసంచులు తలుపులకు కట్టి, మెట్ల కిందనే చాప వేసుకుని కాపు కాశాడు. విడిభాగం కొనే వీల్లేదు. కొత్త ఖర్చులు పెట్టొద్దని అప్పటికే ఉత్తరువు వచ్చింది.

ముప్పై ఒకటో తారీఖు శనివారం. మధ్యాహ్నం మూడింటికి ఆపేయాలి. యజ్ఞనారాయణ పొద్దున్నే వచ్చాడు. గంటకొకసారి అల ఎంత దూరంలో ఉందో అచ్చు తీయించుకుని, కాగితాలు బల్ల మీద వరసగా పరుచుకున్నాడు. నెలల తరబడి నూట ఎనభై దగ్గరే ఉన్నది, ఆ వారం నూట ఎనభై రెండయింది. ఆ ఉదయం నూట ఎనభై ఐదు.

"పెరుగుతోందా సార్?" పద్మలత ఆత్రంగా అడిగింది.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పెరుగుతున్నట్టే ఉందమ్మా. ఇది కదలడమో, ఊరికే ఊగడమో ఇప్పుడే చెప్పలేం. ఇంకో రెండు నెలలు చూస్తే తెలిసేది."

ఆమె లోపలికెళ్లి రాజారావుకు ఫోన్ చేసింది. శనివారం కదా, ఎవరూ ఎత్తలేదు. ఢిల్లీకి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఫోను పెట్టేసింది. ఇంకెవరికి చేయాలో తోచలేదు.

మూడింటికి లెక్కను ఎక్కడిదక్కడ టేపుల మీదకు ఎక్కించారు. ఎల్లేష్ యంత్రాన్ని ఒక్కో వరసే ఆపుకుంటూ పోయాడు. ఆఖరి వరస దగ్గర ఆగి, "మేడమ్, ఇంకొక్క గంట ఉంచుదునా? ఎవలకు దెలుస్తది?" అన్నాడు.

"ఒక్క గంటల ఏమైతదిరా," అంది పద్మలత. "ఆపెయ్."

ఆపాడు. మూడేళ్లుగా చెవుల్లో ఉన్న హోరు పోయేసరికి రోడ్డు మీద పోయే లారీల చప్పుడు లోపలికి వినబడింది. యజ్ఞనారాయణ కాగితాలు సర్దుకుని, ఎల్లేష్ భుజం తట్టి, ఎండలోనే బస్టాపు వైపు నడిచాడు. ఆటో పిలుస్తానన్నా వినలేదు.

సంజాయిషీ తర్వాత పద్మలత మీద చర్యేమీ తీసుకోలేదు. పాత ఉద్యోగంలోకి తిరిగి వెళ్లి పాఠాలు చెప్పుకుంది. యంత్రం రెండేళ్లు తాళం వెనక ఉండి, పాతదైపోయిందని వేలానికి వెళ్లింది. సుధాకర్ గల్ల ఎవరూ పట్టుకోలేదు. తుర్కపల్లి వైపు మందుల కంపెనీలూ ప్రయోగశాలలూ వస్తుండడంతో ప్లాట్ల ధర రెట్టింపయింది. తృప్తి కంప్యూటరు అక్కర్లేని అంశం ఎంచుకుని డాక్టరేట్ పట్టా తీసుకుంది. ఎల్లేష్‌కు ఆ ప్రయోగశాలల్లో ఒకదానిలో ఏసీల పని దొరికింది.

2004లో ఒక ఆదివారం పద్మలత నాగారం వెళ్లింది. యజ్ఞనారాయణకు ఆరోగ్యం బాగాలేదని తెలిసింది. ఆయన భార్య రాధమ్మ తలుపు తీసి, "మీరొస్తే లేచి కూర్చుంటారు, రండి," అంది. ఆయన నిజంగానే లేచి కూర్చున్నాడు. దిండు పక్కనుంచి ఒక పత్రిక తీసి ఇచ్చాడు. విదేశంలో ఎవరో పెద్ద బృందం అదే లెక్క పూర్తి చేసింది. వాళ్ల నక్షత్రం పేలింది.

"అయితే తేలిపోయిందన్నమాట," అంది పద్మలత.

"తేలలేదమ్మా. మనం కష్టపడి కలిపినదాన్ని వాళ్లు వదిలేశారు. అందుకే పేలిందేమోనని నా అనుమానం." ఆయన నెమ్మదిగా పడుకున్నాడు. "అది తప్పని చెప్పడానికి నా దగ్గర పూర్తి లెక్క లేదు. మీ టేపులున్నాయిగా?"

ఉన్నాయి. ఆమె బీరువాలోనే ఉన్నాయి. వాటిని చదివే యంత్రం ఇప్పుడు ఎక్కడా లేదని ఆయనకు తెలుసో లేదో ఆమెకు తెలియదు.

"ఉన్నాయి సార్. భద్రంగా ఉన్నాయి," అంది.

"చాలు," అన్నాడాయన, కళ్లు మూసుకుంటూ. రాధమ్మ ఫ్యాను కొంచెం తగ్గించింది. పద్మలత పత్రికను ఆయన దిండు పక్కన పెట్టి, ఇంకాసేపు కూర్చుని లేచింది.